తొమ్మిది వందల ఎనభై ఏడో మెట్టు

చరిత్రలు శిఖరాల గురించే రాస్తరు. మా ఓరుగల్లు చరిత్ర చూడండి. కోట ఉంటది, తోరణం ఉంటది, కట్టించిన రాజు పేరుంటది. రాళ్ళు మోసినోళ్ళు, మట్టి తవ్వినోళ్ళు, ఏనుగుల వెనక గడ్డి మోసుకుంటూ నడిచినోళ్ళు ఎక్కడా ఉండరు. ఆటల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. గెలిచినవాళ్ళ పేర్లు చెక్కిన ఫలకాలున్నాయి గాని, ఎక్కుతూ ఎక్కుతూ మధ్యమెట్ల మీద ఆగిపోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. అసలు మొదటి మెట్టు దగ్గరికే రాలేనివాళ్ళ ఊసు ఇంకెక్కడ?

సానియా మీర్జా గురించి లోకానికి తెలిసిన అంకెలు రెండు. ఒకటి 27. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ఆమె చేరుకున్న స్థానం. రెండోది 1. 2015 ఏప్రిల్ 13న డబుల్స్‌లో ఆమె ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చింది. ఈ రెండు అంకెల మీద పుస్తకాలొచ్చాయి, సన్మానాలు జరిగాయి, తిట్లూ పడ్డాయి. మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నది మూడో అంకె గురించి. అది 987. 2001 ఆఖరుకి ప్రపంచ మహిళల టెన్నిస్ పట్టికలో ఆమె స్థానం అది. 2002 ఆఖరుకి 837. 2003 ఆఖరుకి 399. 2004 ఆఖరుకి 206. ఈ నాలుగేళ్ళ చరిత్రలో మా ఆడపిల్లల చరిత్ర కూడా దాగి ఉందని మా నమ్మకం.

ఎందుకంటే వరంగల్ మండీబజారులోనో మట్టెవాడలోనో కాజీపేట దర్గా పక్కనో పుట్టిన ముస్లిం పిల్లకు 27వ స్థానంతో పనిలేదు. ఆమెకు కావలసింది 987వ మెట్టు. దాని మీద కాలు పెట్టనిస్తే తర్వాతి సంగతి ఆమె చూసుకుంటది.

ముందు ఒక మాట తేల్చుకోవాలె. టెన్నిసూ ముస్లిమూ అనంగానే చాలామందికి నవాబు గుర్తొస్తడు. తెల్లబట్టలు, పచ్చగడ్డి, పక్కన చాయ్ కప్పులు పట్టుకొని నిలబడ్డ నౌకర్లు. నిజాం రాజ్యంలో ఈ ఆట జాగీర్దార్లదీ, పెద్ద హోదా అఫ్సర్లదీ అన్న మాట నిజమే. కాని ఆ నవాబు మాకు తాత కాడు, మామ కాడు. మా తాతలు ఆజంజాహీ మిల్లులో నూలు వడికినోళ్ళు, కాజీపేటలో బొగ్గు ఎత్తినోళ్ళు, దూది ఏకినోళ్ళు, జట్కా తోలినోళ్ళు. 1934లో ఆ మిల్లు పెట్టినప్పుడు దానికి నిజాం పెద్దకొడుకు పేరు పెట్టిన్రు. పేరు ఆయనది, చెమట మాది. కోర్టు విషయంలోనూ అంతే. క్లబ్బుల్లో మావాళ్ళు ఉన్నరు. బంతులు ఏరే పిల్లలుగా, కోర్టు తడిపి సున్నం గీతలు గీసే పనివాళ్ళుగా, దొరలకు ఎదురుగా నిలబడి బంతి కొట్టిచ్చే మార్కర్లుగా. ఆట వచ్చిన చేతులు మావే అయినా రాకెట్టు మాది కాదు.

దేశం మొత్తమ్మీద చూస్తే ఈ ఆటలో ముస్లిం పేరు కొత్తది కాదు. వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా పోయిన మొదటి భారతీయుడు గౌస్ మహమ్మద్. సంవత్సరం 1939. కలకత్తా అఖ్తర్ అలీ, ఆయన కొడుకు జీషాన్ అలీ డేవిస్ కప్ ఆడిన్రు, తర్వాత ఎంతోమందికి ఆట నేర్పిన్రు. ఆడవాళ్ళ సంగతి తీసుకుంటే, 1934లో లీలా రో వింబుల్డన్‌లో ఒక మ్యాచు గెలిచింది. అట్లా గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆమె తల్లి క్షమా రో సంస్కృత రచయిత్రి, తనూ టెన్నిస్ ఆడిన మనిషి. అంటే చదువూ డబ్బూ రెండూ ఉన్న ఇల్లు. ఆ తర్వాత 1998లో కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండు గెలిచేదాకా మనదేశపు ఆడవాళ్ళ సింగిల్స్‌లో గట్టిగా చెప్పుకునే కబురు రాలేదు. 64 ఏళ్ళు! ఇంత పెద్ద దేశంలో అన్నేళ్ళపాటు ఆడపిల్లలకు చెయ్యి లేదా, కాలు లేదా? అన్నీ ఉన్నయి. మెట్లు లేవు.

ఇంతకీ ఈ మెట్ల కథ ఏందో చెప్పుకోవాలె. టీవీల కనిపించే నాలుగు పెద్ద టోర్నమెంట్లు ఈ ఆటకు పైకప్పు మాత్రమే. కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే చిన్నచిన్న టోర్నమెంట్లు వందల్లో ఉంటయి. సానియా మొదలుపెట్టిన రోజుల్లో వాటిని 10,000 డాలర్ల టోర్నమెంటు, 25,000 డాలర్ల టోర్నమెంటు అని పిలిచేవాళ్ళు. వినేటోళ్ళకు పదివేల డాలర్లు గెలిచినోళ్ళకు ఇస్తరేమో అనిపిస్తది. కాదు. అది ఆడే అందరికీ కలిపి పంచే మొత్తం. అందులో మొదటి రౌండులో ఓడిన పిల్లకు వంద డాలర్లు కూడా చేతికి రావు. రైలు టికెట్టు, గది కిరాయి, తిండి, రాకెట్ గట్టింగ్ అన్నీ ఆ పైసలలోనే. ఆడవాళ్ళ సింగిల్స్ పట్టికలో పేరు ఎక్కాలంటే కనీసం మూడు టోర్నమెంట్లలో పాయింట్లు రావాలె, లేదంటే మొత్తం పది పాయింట్లు కూడాలె. అన్నిటికన్నా కిందిస్థాయిలో ఒక మ్యాచు గెలిస్తే వచ్చేది ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు కోసం ఆడపిల్ల తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని దేశాలు తిరగాలె. సంవత్సరం తిరిగేసరికి పాత పాయింట్లు రాలిపోతయి. మళ్ళీ మొదటి నుంచి తిరగాలె. ఇది కిరాయి ఇంటి బతుకు వంటిది. నెల తప్పితే సామాను బయట.

2013 సంవత్సరపు లెక్కలను ఆ సమాఖ్యే తీసి మరుసటి ఏడు బయటపెట్టింది. ఆడ, మగ కలిపి సుమారు 14,000 మంది ఆడితే దాదాపు సగం మందికి ఒక్క పైసా బహుమతి రాలేదు. ఆడవాళ్ళలో పైనున్న 26 మందికే మొత్తం బహుమతి డబ్బులో సగానికి పైగా పోయింది. ఒక ఆటగత్తెకు ఏడాది తిరగడానికి సగటున 40,000 డాలర్లు ఖర్చు. ఆనాటి మారకంలో 20 లక్షల రూపాయల పైమాటే. కోచ్ జీతం ఇందులో కలపలేదు. 253వ స్థానం దాకా ఉన్నవాళ్ళకే పెట్టిన ఖర్చు తిరిగి వచ్చింది. ఆ కింద ఉన్నవాళ్ళంతా చేతినుంచి పెట్టుకొని ఆడినవాళ్ళే. ఏ దేశానికైనా దారిద్ర్యరేఖ ఉన్నట్టు టెన్నిస్‌కూ ఒక గీత ఉందన్నమాట. సానియా 2003 ఆఖరుకి 399లో ఉంది, 2004 ఆఖరుకి 206లో ఉంది. ఆ రెండు అంకెల నడుమనే ఎక్కడో ఆ గీత ఉంది. గీత కింద ఉన్నన్నాళ్ళు ఎవరు మోసిన్రు అన్నది అసలు ప్రశ్న.

మోసింది ఇల్లు. సానియా బొంబాయిలో 1986లో పుట్టి, హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్ళ వయసులో తల్లి నసీమా ఆమెను నిజాం క్లబ్బుకు తీసుకుపోతే, పిల్ల మరీ చిన్నదని కోచ్ మొదట ఒప్పుకోలేదట. నెల తిరక్కముందే ఆ కోచే ఇట్లాంటి పిల్లను చూడలేదన్నడట. తండ్రి ఇమ్రాన్ మీర్జానే ఆమెకు కోచ్ అయిండు. వాళ్ళ బంధువర్గంలో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన గులాం అహ్మద్ ఉన్నడు. అంటే ఆట అంటే ఏందో తెలిసిన ఇల్లు. జీవీకే సంస్థ చిన్నవయసులోనే ఆమెకు అండగా నిలిచింది. ఇవన్నీ చెప్పడం ఆమెను తక్కువ చేయడానికి కాదు. నిజం నిజంగా ఉండాలె. ఆమె మాలాగా బీడీల తల్లికి పుట్టిన బిడ్డ కాదు. అయినా ఆమె నేర్చుకున్న కోర్టులు ఎట్లాంటివంటే పేడతో అలికినవి. ఈ మాట ఆమే చాలాసార్లు చెప్పింది. యూరోపు పిల్లలు ఎర్రమట్టి మీద, గడ్డి మీద ఆడుతుంటే మన దక్కన్ పిల్ల పేడ అలికిన నేల మీద ఆడింది. ఈ అలుకు మాకు తెలుసు. మా అమ్మీలు, వాళ్ళ పక్కింటి ఎల్లమ్మలు, మల్లమ్మలు అలికిన వాకిళ్ళ అలుకే అది. ఇంగ్లండు రాణుల ఆట దక్కన్ వాకిట్లోకి వచ్చి ఆగింది.

2001లో ఆమె చిన్న టోర్నమెంట్లు మొదలుపెట్టింది. 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కంచు పతకం తెచ్చింది. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. పిల్లల ఆటలో గెలిచినవాళ్ళంతా పెద్దల ఆటలో గెలుస్తరని లేదు. చాలామంది అక్కడే ఆగిపోతరు. సానియా ఆగిపోకుండా ఉండటానికి ఒక కారణం ఆమె చెయ్యి. ఇంకో కారణం హైదరాబాదు.

హైదరాబాదు ఎట్లా కారణమంటే, 2003 నుంచి 2005 దాకా మూడేళ్ళపాటు అక్కడ పెద్దస్థాయి మహిళల టోర్నమెంటు జరిగింది. ఫతే మైదాన్ కోర్టుల్లో. ఊరిపిల్ల కాబట్టి ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు పిలిచి ఆడించే వీలుంటది. దాన్నే వైల్డ్ కార్డు అంటరు. 2003లో ఆ వైల్డ్ కార్డుతో దిగి మొదటి రౌండులో ఆస్ట్రేలియా అమ్మాయి ఎవీ డొమినికోవిచ్ చేతిలో ఓడింది. 2004లో మళ్ళీ సింగిల్స్ మొదటి రౌండులోనే, ఈసారి నికోల్ ప్రాట్ చేతిలో ఓడింది. అయితే అదే వారం లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి సింగిల్స్ టైటిలే గెలిచింది. ఈ స్థాయి టైటిలును సింగిల్స్‌లో అంతకుముందు ఏ భారతీయ స్త్రీ గెలవలేదు. ఆమె జీవితమంతటికీ ఆ స్థాయి సింగిల్స్ టైటిల్ అదొక్కటే. కింది స్థాయివి మాత్రం 14 ఉన్నయి. ఒకటీ పద్నాలుగూ! పత్రికలన్నీ ఒకటి గురించే రాసినయి. ఆ ఒకటిని మోసింది పద్నాలుగు.

రెండుసార్లు ఇంటి ముంగిట ఓడి, మూడోసారి గెలవడానికి అవకాశం దొరికిందే, అది మెట్టు అంటే. ఓడినా మళ్ళీ రమ్మని పిలిచే చోటు. 2006లో ఆ టోర్నమెంటు బెంగళూరుకు పోయింది. తర్వాత వచ్చిన తెలుగు అమ్మాయిలకు ఫతే మైదాన్‌లో ఆ మూడు అవకాశాలు దొరకలేదు.

ఇప్పుడు మా అసలు మాటకు వస్తం. 987లో ఉన్నప్పుడు ఆమె లంగా పొడవెంతో ఎవరూ కొలవలేదు. 837లో ఉన్నప్పుడు ఆమె దేశభక్తిని ఎవరూ తూకం వేయలేదు. 399లో ఉన్నప్పుడు ఆమె ఎవరి కోడలు కావాలో ఎవరూ చెప్పలేదు. మతపెద్దలకూ జాతిపెద్దలకూ ఆ మెట్ల మీద ఉన్న పిల్ల కనిపించనే లేదు. 2005లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు దాకా పోయి సెరీనా విలియమ్స్‌తో ఆడింది. హైదరాబాదులో గెలిచింది. దుబాయిలో అప్పటి యు.ఎస్. ఓపెన్ విజేత కుజ్నెత్సోవాను ఓడించింది. సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగో రౌండు చేరింది. ఆ ఏడు ఆఖరుకి 31వ స్థానం. అప్పుడు అందరికీ కండ్లు వచ్చినయి!

ఆ సెప్టెంబరులోనే ఒక మతపండితుడు ఆమె దుస్తుల మీద ఫత్వా ఇచ్చిండని పత్రికలు రాసినయి. కలకత్తాలో టోర్నమెంటు ఆడటానికి పోతే పోలీసుల కాపలా మధ్య ఆడాల్సొచ్చింది. 18 ఏళ్ళ పిల్ల. 2007 ఆఖర్లో మక్కా మసీదు ఆవరణలో ప్రకటన చిత్రీకరణ మీద గొడవ, ఆ వెంటనే 2008లో జాతీయజెండా ముందు కాళ్ళు చాపి కూర్చుందని ఒక ఫొటో పట్టుకొని కోర్టులో ఫిర్యాదు. ఒకే మనిషి. మసీదును అవమానించిందని వీళ్ళు, జెండాను అవమానించిందని వాళ్ళు. విసిగిపోయి ఆమె ఆ ఏడు బెంగళూరు టోర్నమెంటు నుంచి తప్పుకుంది. ఆమె కాళ్ళు ఎట్ల పరుగెత్తుతున్నయో చూడాల్సినోళ్ళు అవి ఎటు చాచి ఉన్నయో చూసిన్రు.

2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళి తర్వాత్తర్వాత నిలవలేదు, అది వాళ్ళ సొంత సంగతి. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. జూలైలో కొత్త ప్రభుత్వం ఆమెను రాష్ట్రానికి ప్రచారకర్తగా పెట్టుకొని కోటి రూపాయలు ఇచ్చింది. ఒక పార్టీ శాసనసభ్యుడు ఆమెను పాకిస్తాన్ కోడలు అన్నడు, ఆమె స్థానికురాలు కాదన్నడు. టీవీలో ఆమె ఏడ్చింది. ఎన్నిసార్లు నిరూపించుకోవాలని అడిగింది. ఆ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. రేషను కార్డు దగ్గర, కిరాయి ఇంటి దగ్గర, క్రికెట్ మ్యాచు జరిగిన మర్నాడు చాయ్ హోటల్ దగ్గర మమ్మల్ని అడిగే ప్రశ్నే అది. తేడా ఏందంటే ఆమెను అడిగితే దేశమంతా విన్నది. మమ్మల్ని అడిగితే పక్కోడు కూడా తలెత్తి చూడడు.

ఆ మాటకు ఆమె జవాబు కోర్టులోనే చెప్పింది. ఆ సెప్టెంబరులో బ్రూనో సోరెస్‌తో యు.ఎస్. ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్. 2015లో మార్టినా హింగిస్‌తో వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్. 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు. డబుల్స్‌లో 91 వారాలు మొదటి స్థానం. 2008లో మణికట్టుకు గాయమై, ఆపరేషనై, సింగిల్స్ ర్యాంకు మళ్ళీ వంద దాటి కిందికి జారిన మనిషి ఆమె. కిందిమెట్లు ఆమెకు కొత్త కాదు కాబట్టే జారినా భయపడలేదని మా లెక్క. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో చివరి టోర్నమెంటు ఆడి, మార్చి 5న హైదరాబాదు ఎల్.బి. స్టేడియంలో వీడ్కోలు ఆట ఆడింది. అదే ఫతే మైదాన్. 20 ఏళ్ళ కింద వైల్డ్ కార్డుతో దిగి మొదటి రౌండు ఓడిన నేల.

ఇక ఆమె వెనక ఎవరున్నరు? తెలుగునేల మీద ఆ మెట్ల మీద నిలబడ్డ అమ్మాయిలు ఇప్పుడూ ఉన్నరు. అనంతపురం అమ్మాయి సహజ యమలపల్లి అమెరికాలోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడి, చిన్న టోర్నమెంట్ల దారి పట్టింది. 2025 చివర్లో మెక్సికోలో అట్లాంటి ఒక టోర్నమెంటులో 2017 యు.ఎస్. ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. హైదరాబాదు అమ్మాయి శ్రీవల్లి రష్మిక 2025 ఏప్రిల్‌లో పూణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో ఆడిన ఐదు సింగిల్స్ ఐదూ గెలిచింది. ఈ పేర్లు మా మొహల్లాలో ఎంతమందికి తెలుసు? ఏ మొహల్లాలోనైనా ఎంతమందికి తెలుసు? వందల ర్యాంకుల్లో ఉన్న ఆడపిల్ల ఏ కులమైనా ఏ మతమైనా దేశానికి కనబడదు. ఈ ఒక్క విషయంలో ఆ అమ్మాయిలూ మేమూ ఒకే చీకట్లో ఉన్నం.

ముస్లిం ఆడపిల్లకు ఆట రాదన్న మాట ఇక ఎవరూ అనలేరు. ట్యునీషియా అమ్మాయి ఓన్స్ జాబర్ 2011లో ఫ్రెంచ్ ఓపెన్ బాలికల టైటిల్ గెలిచింది. మొదటి వందమందిలోకి రావడానికి ఆమెకు 2017 దాకా పట్టింది. ఆరేండ్లు! 2022లో రెండో స్థానానికి వచ్చింది. ఆ ఆరేండ్లు మధ్యలో ఎవరైనా ఇంక చాలు పెండ్లి చేసుకో అని చెయ్యి పట్టుకొని గుంజితే రెండో స్థానం ఎక్కడిది? మాకు దగ్గర్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. నిజామాబాదుకూ వరంగల్‌కూ దూరమెంత? మరి బాక్సింగ్‌లో సాధ్యమైంది టెన్నిస్‌లో ఎందుకు కాలేదు? జవాబు మతంలో లేదు, మెట్ల పద్ధతిలో ఉంది. బాక్సింగ్ మెట్లు సర్కారు కట్టినవి. జిల్లా పోటీ, రాష్ట్ర పోటీ, శిక్షణ శిబిరం, దాని తిండి, దాని పక్క. గెలిస్తే పైకి తీసుకుపోతరు. టెన్నిస్ మెట్లు ఎవరికి వారు కొనుక్కోవాల్సినవి. ప్రతి మెట్టు దగ్గరా టికెట్టు చించే మనిషి నిలబడి ఉంటడు.

అందుకే మేం అనేది, బురఖా గురించి మాత్రమే మాట్లాడేవాళ్ళు సగం నిజం చెప్పి సగం దాస్తున్నరు. మా ఇండ్లల్లో అడ్డంకులు లేవని మేం అనడం లేదు. ఉన్నయి. పన్నెండేళ్ళు నిండంగానే పిల్లను గల్లీలో ఆడనీయని ఖాలాలు ఉన్నరు. ఆటకన్నా నిఖా ముందని తొందరపెట్టే చాచాలు ఉన్నరు. చేతులు, కాళ్ళు కనబడుతయని గొంతు పెంచే పెద్దమనుషులు, అదే పిల్ల బీడీలు చుట్టి, మిషను కుట్టి, కండ్లు పోగొట్టుకుంటే ఏ ఫత్వా ఇయ్యరు. వాళ్ళను మేం అడుగుతనే ఉంటం. కాని రేపు పొద్దున ఆ పెద్దమనుషులందరూ సరే పో ఆడుకో అన్నరనుకోండి. పిల్ల ఎక్కడికి పోవాలె?

వరంగల్‌లో టెన్నిస్ కోర్టులు లేక కాదు. 1959లో పెట్టిన ఇంజనీరింగు కాలేజి, ఇప్పటి ఎన్.ఐ.టి., ఆవరణలో ఉన్నయి. అయితే అవి అక్కడ చదివేవాళ్ళవి. మిగతాచోట్ల క్లబ్బు ఉంటే మెంబరు కావాలె. మెంబరు కావాలంటే అఫ్సరో డాక్టరో వకీలో కావాలె. మా పిల్లగాండ్లు ఇస్లామియా కాలేజి మైదానంలో టెన్నిస్ బంతితోనే క్రికెట్ ఆడుతరు. మా మొహల్లాలోకి టెన్నిస్ నుంచి వచ్చింది ఆ బంతి ఒక్కటే. ఆడపిల్లలకు ఆ మైదానం కూడా లేదు. చదువు, ఇంటిపని, తమ్ముళ్ళు, నీళ్ళు. సాయంత్రం ఆటకాలం వాళ్ళకు రొట్టెల కాలం. టెన్నిస్ రాకెట్టు మా ఇండ్లకు వస్తే ఏ దోమలను కొట్టే బ్యాటు రూపంలోనో వస్తది.

అనంతపురంలో 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్, అక్కడి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కలిసి పేదపిల్లలకు టెన్నిస్ నేర్పే బడి తెరిచినయి. ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు, పౌష్టికాహారం. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి అనంతపురం! కరువు జిల్లాలో పేదపిల్లలు ఆ ఆట ఆడగలరని అక్కడ తేలిపోయింది. ఓరుగల్లులో ఎందుకు తేలదు? తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చినయి. రెండు వందలు దాటినయి. అందులో ఆడపిల్లల బడులున్నయి. మా చరిత్రలో మొదటిసారి ఇన్నివేలమంది ముస్లిం ఆడపిల్లలు ఒకేచోట ఉండి, వేళకు తిని, సాయంత్రం ఖాళీగా ఉండే వీలు దొరికింది. మైదానం నడుమ ఒక వల, ఒక సిమెంటు గోడ, పది రాకెట్లు, ఒక నేర్పే ఆడమనిషి. నేలకు డబ్బు లేకుంటే పేడ అలికినా సరిపోతది. ప్రపంచ మొదటి స్థానం ఆ అలుకు మీదనుంచే వచ్చింది గదా!

ఆ పిల్లల్లో అందరూ సానియాలు కారు. కావాలని మేం కోరడం కూడా లేదు. ముస్లిం పిల్ల గెలిస్తేనే మనిషి, గెలిచినా ఎవరి మనిషో తేల్చాలె అన్న ఈ పద్ధతే మాకు వద్దు. ఒక పిల్ల 800వ ర్యాంకులో నాలుగేళ్ళు ఆడి, ఓడి, ఆ తర్వాత టీచరో కోచో అయి, తన చెల్లెలికి రాకెట్టు పట్టుకోవడం నేర్పితే అది మాకు చరిత్రే. ఓడిపోయే హక్కు కూడా హక్కే. అది కలిగినోళ్ళ పిల్లలకు ఎప్పుడూ ఉంది. వాళ్ళ పిల్ల మొదటి రౌండులో ఓడితే అనుభవం అంటరు. మా పిల్ల ఓడితే మేం ముందే చెప్పినం అంటరు.

సర్కారు శిఖరానికి కోటి రూపాయలు ఇచ్చింది. ఇయ్యాల్సిందే, ఆమె సంపాదించుకుంది. అట్లాంటి ఒక్క కోటి కిందిమెట్లకు కూడా దించాలని మేం అడుగుతున్నం. మా పెద్దమనుషులను అడిగేది ఇంకా చిన్నది. పిల్ల మొదటి మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు ఆ కాలి మీద బట్ట ఎంతుందో చూడకండి. కాలికింద మెట్టు ఉందో లేదో చూడండి.